సదాశివరావు గ్లాసు, గురుగ్రహం మబ్బులు

మానవజాతి చరిత్రలో కాఫీ తాగినవాళ్లు కోట్లమంది ఉన్నారు. గుక్క గుక్కకీ మధ్య ఆగి, మణికట్టు కదిలించి, గ్లాసును మెల్లగా ఒక చిన్న తిప్పు తిప్పి, ఆ తర్వాతే మళ్లీ పెదవి ఆనించినవాడు మాత్రం, తెలిసినంతవరకు, ఢిల్లీ ఆర్.కె.పురం ప్రభుత్వ క్వార్టర్లలో రెండో అంతస్తులో కాపురమున్న వల్లూరి సదాశివరావు ఒక్కడే. ఇది ఒకరోజు చేసి మరొకరోజు మానిన పని కాదు. ప్రభుత్వాలు పడిపోయినా, పే కమిషన్లు వచ్చి వెళ్లినా, పొద్దున్న కాఫీలో ఆ తిప్పు ఆగలేదు.

ఇంతటి ఆచారానికి మూలం ఏమిటని బ్లాకులో తెలుగువాళ్లు ఎంతో పరిశోధించారు. కింది అంతస్తు జానకమ్మగారు అది పూర్వజన్మ వాసన అని తేల్చారు. ఆయన గత జన్మలో తప్పకుండా కుమ్మరి సారె తిప్పి ఉంటాడు. తెలుగు మిత్రమండలి అధ్యక్షుడు, వరంగల్ కేశవరావు దీన్ని ఒప్పుకోలేదు. సెంట్రల్ గవర్నమెంటులో అన్నేళ్లు పనిచేసినవాడి చెయ్యి ఏ వస్తువునైనా ఉన్నచోట ఉండనివ్వదనీ, ఫైలు దొరకనప్పుడు గ్లాసును తిప్పుతుందనీ ఆయన వాదం. సదాశివరావు భార్య సరోజ ఈ చర్చల్లో ఎన్నడూ పాల్గొనలేదు. కాఫీ పోసి ఇచ్చేది ఆవిడే కాబట్టి, ఆవిడను అడగాలని ఎవరికీ తోచలేదు.

సదాశివరావుది బాపట్ల దగ్గర. ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. పొద్దున్న చార్టర్డ్ బస్సులో కిటికీ పక్క సీటు, సాయంత్రం అదే బస్సులో అదే సీటు. ఈ రెండు ప్రయాణాలకూ నడుమ దేశ పరిపాలన. తక్కిన సమయమంతా ఆయన పనులు మొదలుపెట్టేవాడు. పూర్తిచేసేవాడా అని అడగడం మర్యాద కాదు. హార్మోనియం సరళీస్వరాల దగ్గర నిలిచింది. హోమియోపతి జలుబు మందు దాటలేదు. బెంగాలీ అక్షరాలు సగం వచ్చాక, ఆ సగంతోనే బెంగాలీవాళ్లను గౌరవించవచ్చని ఆయనకు అనిపించింది. పుస్తకాల బీరువా చేయబోతే రెండు కాళ్లు తయారయ్యాయి, మిగతా బీరువా తయారు కాలేదు. ఈ అసంపూర్ణ కృతులన్నీ బాల్కనీలో కొలువుదీరి ఉండేవి.

ఆ బాల్కనీ మీద సరోజకు వేరే ఆశలున్నాయి. ఇంటి మొత్తంలో ఎండపడే చోటు అదొక్కటే. అక్కడ నాలుగు కుండీలు పెట్టి గోంగూర పెంచాలని ఆవిడ కోరిక. ఊరి నుంచి ఎవరైనా జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో గోంగూర తెస్తే నాగపూర్ దాటేసరికే అది తలవాల్చేస్తుంది. ఢిల్లీ బజారులో అప్పుడప్పుడు దొరికేదానికి గోంగూర రూపం ఉంటుంది గాని పులుపు ఉండదు. “ఆ హార్మోనియం తీసేస్తే రెండు కుండీలు, ఆ కొయ్య కాళ్లు తీసేస్తే ఇంకో రెండు,” అని ఆవిడ బాల్కనీని చూసినప్పుడల్లా మనసులో చోటు కొలుచుకునేది.

ఇలా ఉండగా, తొంభైమూడు చలికాలంలో ఒక ఆదివారం, ఆకాశం అంటే సరదా ఉన్నవాళ్లు కొందరు ఒక కాలేజీ హాల్లో టెలిస్కోపు అద్దం ఎలా అరగదీయాలో నేర్పుతున్నారని పేపర్లో చూసి సదాశివరావు వెళ్లాడు. అది మొదలుపెట్టడానికి తగిన విషయంగానే కనిపించింది. నేర్పేది సుభాషిణి అనే హైదరాబాదు అమ్మాయి. ఢిల్లీలోనే ఏదో కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు.

పద్ధతి చూడబోతే చాలా సులువు. రెండు గుండ్రటి గాజు బిళ్లలు. వాటి మధ్య గరుకు పొడి, కాసిని నీళ్లు. కింది బిళ్లను ఒక డ్రమ్ము మీద కదలకుండా బిగించి, పై బిళ్లను ముందుకీ వెనక్కీ తోయాలి. కొన్ని తోపులయ్యాక పై బిళ్లను చేతిలోనే కాస్త తిప్పాలి. మనం డ్రమ్ము చుట్టూ ఒక అడుగు పక్కకి జరగాలి. మళ్లీ తోయాలి. ఇలా నెలల తరబడి చేస్తే పై బిళ్ల నడుమ సన్నగా గుంట పడుతుంది. ఆ గుంట పడ్డ గాజే టెలిస్కోపుకు అద్దం. ఎటొచ్చీ తిప్పడం మరిచిపోతే గుంట వంకరగా పడుతుంది. వచ్చినవాళ్లందరూ తోయడం చక్కగా తోస్తున్నారు, తిప్పడం మరిచిపోతున్నారు.

మధ్యలో టీ ఇచ్చారు. పంచదార ఎవరికి వాళ్లు వేసుకోవాలి. చెంచా ఒక్కటే, అది హాలు అవతలి చివర ఎవరి చేతిలోనో ఉంది. సదాశివరావు ఒక గుక్క తాగి, గ్లాసు తిప్పి, ఇంకో గుక్క తాగాడు. సుభాషిణి అది చూసింది.

“అంకుల్, మళ్లీ ఒకసారి చెయ్యండి.”

“ఏమిటమ్మా?”

“అదే, గ్లాసు తిప్పారు కదా. చూడండి అందరూ! పొద్దుట్నుంచి నేను మొత్తుకుంటున్నది ఇదే. తొందర లేదు, గట్టిగా పట్టుకోవడం లేదు, ప్రతిసారీ ఒకే కొలత. అంకుల్, మీకు చెయ్యి ఉంది!”

నలభై ఆరేళ్ల జీవితంలో తనకు చెయ్యి ఉందని ఎవరైనా గుర్తించడం ఆయనకు అదే మొదటిసారి. ఆ సాయంత్రం రెండు గాజు బిళ్లల్ని తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని, నిద్రపోయే పసిబిడ్డను తెచ్చినంత భద్రంగా ఇంటికి తెచ్చాడు.

సరోజ తలుపు తీసింది. “ఈసారి ఏమిటండీ?”

“అద్దం.”

“మొహం చూసుకునేదా?”

“కాదు. గురుగ్రహాన్ని చూసేది.”

ఆవిడ బాల్కనీ వైపు ఒక చూపు చూసింది. రెండు కుండీల చోటు పోయిందని ఆ చూపులోనే తెలిసిపోయింది.

మర్నాటి నుంచి బాల్కనీలో ఇటుకలు నింపిన పాత నీళ్ల డ్రమ్ము వెలిసింది. ఆఫీసు నుంచి రాగానే ఆయన లుంగీ బిగించి దాని చుట్టూ నడిచేవాడు. తోపు, తిప్పు, అడుగు. గర్ర్, గర్ర్ మని తడి చప్పుడు. పదో తరగతి చదివే కూతురు శరణ్య చెవులు మూసుకుని “పాపా, బస్ కీజియే నా, ఎగ్జామ్ హై!” అనేది. “అయిపోవచ్చిందమ్మా,” అనేవాడాయన. అలా చాలా వారాలు అయిపోవచ్చింది.

ఆ చప్పుడు జానకమ్మగారి ఇంట్లోకి ఎలా దిగిందో చెప్పాలి. తెలుగు ఇళ్లలో పెరిగిన చెవికి, రాయి మీద తడిగా ఏదో నలుగుతున్న ఆ గర్రుకు ఒకటే అర్థం: పైన పప్పు రుబ్బుతున్నారు. రోజూ సాయంత్రం రుబ్బుతున్నారు. రోజూ గారెలు వేసుకుంటూ కింద ఉన్నవాళ్లను ఒక్కనాడూ పిలవలేదు. వారం రోజులు ఓర్చుకుని, ఒక శనివారం ఆవిడ చేతిలో గిన్నెతో మెట్లెక్కారు.

“సరోజమ్మా, ఏం అనుకోకు. మా ఆయనకు గారెలంటే ప్రాణం. రోజూ మీరు రుబ్బుకుంటుంటే పాపం ఆయన పేపరు మీద నుంచి తలెత్తి పైకి చూస్తున్నారు. ఒక్క గిన్నెడు పిండి పెట్టమ్మా.”

సరోజ బాల్కనీ తలుపు తెరిచి చూపించింది. లుంగీ, చెమట, బూడిదరంగు బురద పూసుకున్న చేతులు, డ్రమ్ము చుట్టూ నడుస్తున్న భర్త.

జానకమ్మగారు డ్రమ్ము మీదికి వంగి చూశారు. “గాజా? దేనికి?”

“గురుడి మీద మబ్బులు చూడ్డానికి పిన్నిగారూ.”

“అయ్యో,” అన్నారావిడ. ఆ అయ్యో గురుడి గురించి కాదు, సరోజ గురించి.

కాని గిన్నె పట్టుకుని వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మన ఇళ్లలో లేదు. ఆ రాత్రే సరోజ మినప్పప్పు నానబోసింది. చప్పుడు వెళ్లిన గడపలన్నిటికీ గారెలు వెళ్లాల్సి వచ్చింది. కాబట్టి సదాశివరావు అద్దానికి గరుకు పొడి ఎంత ఖర్చయిందో తెలియదు గాని, పప్పు మాత్రం బాగా ఖర్చయింది.

గారెల రోజు వంటింట్లో ఆవిడ నిలదీసింది. “అంత అరగదీసి చూడబోయేది మబ్బులేనా? మబ్బులు మనకు లేవా?”

“ఇవి వేరు సరోజా. గురుడి మీద కనిపించేదంతా మబ్బులే. నేల లేదు. పైన అమ్మోనియా మబ్బులు, వాటి కింద ఇంకో రకం, ఇంకా కింద నీటి మబ్బులని అంటున్నారు. దిగినకొద్దీ వాయువు చిక్కబడుతుందే తప్ప కాలు మోపే చోటు రాదు.”

“నేల లేకుండా పేరు మాత్రం ఉందన్నమాట. మన క్వార్టరు లాగే. అమ్మోనియా అంటే?”

ఆయన కాస్త ఆలోచించాడు. “మన బస్టాండు గోడ పక్కన వస్తుందే, ఆ వాసన.”

సరోజ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “దాన్ని చూడ్డానికా నా గోంగూర పోయింది!”

ఉగాది వచ్చింది. మిత్రమండలి వాళ్లు బ్లాకు వెనక షామియానా వేసి పచ్చడి పంచారు. పంచాంగం చదివినాయన గురుడు తులలో ఉన్నాడని చెప్పగానే సదాశివరావులో ఏదో కదిలింది. లేచి మైకు అందుకున్నాడు. ఒక తోకచుక్క ముక్కలై, ఆ ముక్కలన్నీ వరసకట్టి గురుగ్రహం వైపు పోతున్నాయనీ, జూలైలో దానిమీద పడతాయనీ, పడ్డచోటల్లా ఆ మబ్బుల మీద మచ్చలు కనిపిస్తాయనీ ప్రకటించాడు. అసలు మచ్చలు పడతాయో లేదో, పడినా కనిపిస్తాయో లేదో శాస్త్రజ్ఞులే తేల్చుకోలేకపోతున్న రోజులవి. సదాశివరావు తేల్చేశాడు. “అవి పడడం మొదలయ్యే ఆదివారం సాయంత్రం అందరూ మా టెర్రస్ మీదికి రండి. నా అద్దంలో చూపిస్తాను.”

కేశవరావు చప్పట్లు కొట్టించి, దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు: “అన్నా, హార్మోనియం లెక్క కాదు గదా ఇది?”

ఆ మాట సరోజ విన్నది. ఇంటికొచ్చాక ఒప్పందం పెట్టింది. “మీరు చూపిస్తానన్నది చూపిస్తే ఆ బాల్కనీ మీది. జన్మలో అడగను. చూపించలేకపోతే డ్రమ్ముతో సహా అన్నీ పాత సామాన్ల కబాడీవాడికి. కుండీలు నేను తెచ్చిపెట్టుకుంటాను.”

“ఠీక్ హై,” అన్నాడు సదాశివరావు. పైకి మాట ధైర్యంగానే వచ్చింది. కాని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. పోయేది బాల్కనీ ఒక్కటే కాదని ఆయనకు తెలుసు. ఇదీ పూర్తికాకపోతే, తను ఏదీ పూర్తిచేయనివాడన్న మాట ఇక బ్లాకులో వేళాకోళంగా ఉండదు, నిజంగా మిగిలిపోతుంది.

అద్దం మెరుగు పట్టింది. సుభాషిణి పట్టుకెళ్లి దానికి వెండిలా మెరిసే పూత వేయించి తెచ్చింది. “అంకుల్, చాలా బాగా వచ్చింది,” అంటే ఆయన అద్దంలోకి చూసుకున్నాడు. మొహం పెద్దదై, నమ్మలేనట్టు కనిపించింది. గొట్టం కోసం తివాచీల దుకాణాలు తిరిగాడు. తివాచీ చుట్టే వెడల్పాటి అట్ట గొట్టం కావాలంటే దుకాణదారు జాలిపడ్డాడు: “భాయీసాబ్, కార్పెట్ నహీ లేనా, సిర్ఫ్ పైప్? ఘర్ మే సబ్ ఠీక్ హై నా?”

జూలై వచ్చింది. ఆ ఆదివారం వచ్చింది. చాపలు, మడత కుర్చీలు, పిల్లలతో టెర్రస్ నిండిపోయింది. జానకమ్మగారు ఈసారి తన వంతుగా గారెలు పట్టుకొచ్చారు. పాలం విమానాశ్రయం వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చి, ఋతుపవనం కూడా సకుటుంబంగా హాజరైంది. కేశవరావు ఒక్కడే గొడుగు తెచ్చాడు.

“గురుడి మబ్బులన్నవు, గివి ఎవరియి సదాశివరావూ?”

“ఇవి మనవి,” అన్నాడాయన ప్లాస్టిక్ షీటు కింద నుంచి. “ఇవి తొలగగానే అవి కనిపిస్తాయి.”

మర్నాడూ తొలగలేదు. ఆ మర్నాడూ లేదు. చూపించడానికి ఏమీ లేక ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. శుక్రుడి చుట్టూ గంధకామ్లపు మబ్బులు ఉంటాయనీ, అక్కడ పడే ఆమ్లపు వాన నేల తాకకముందే ఆవిరైపోతుందనీ చెప్పాడు. శనిగ్రహం చందమామల్లో ఒకదానికి నారింజరంగు పొగమంచు దుప్పటి ఉందని చెబితే, అది బస్సుల పొగతో మన ఐ.టి.ఓ. చౌరస్తాలో కూడా ఉందని ఎవరో అన్నారు. శ్రోతలు రోజురోజుకీ తగ్గారు. వారం చివరికి పేపర్లో ఫొటో వచ్చింది. గురుడి మీద మచ్చలు, నల్లగా, నిక్షేపంగా ఉన్నాయి. ఇది తెలిసి సదాశివరావు సంతోషించాలో ఏడవాలో తేల్చుకోలేకపోయాడు.

“చూసేసినం గద అన్నా, పేపర్ల,” అన్నాడు కేశవరావు. “ఇగ నువ్వు ఫికర్ జెయ్యకు. డబ్బా లోపల పెట్టుకో.”

సరోజ ఒకరోజు బజారు నుంచి వస్తూ నాలుగు మట్టి కుండీలు తెచ్చి బాల్కనీ గుమ్మం దగ్గర వరసగా పెట్టింది, అంతే. అవి రోజూ ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆయన కాలికి తగిలేవి.

నెలాఖరున ఒక సాయంత్రం దబదబా కురిసి ఆగింది. సదాశివరావు కాఫీ తాగుతున్నాడు. గుక్క, తిప్పు. గుక్క, తిప్పు. ఇంకో తిప్పుకు చెయ్యి లేచి, అక్కడే ఆగిపోయింది. కిటికీలో ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. కాఫీ సగంలో వదిలి ఆయన గొట్టం భుజానికెత్తుకున్నాడు.

“సరోజా! రా! ముందు నువ్వే చూడాలి!”

టెర్రస్ మీద ఆయన గొట్టం గురిపెట్టి పక్కకు తప్పుకున్నాడు. సరోజ కన్ను ఆనించింది.

“ఏం లేదండీ. చీకటి.”

“జారిపోయాడు. భూమి తిరుగుతోంది కదా, ఆగడు.” ఆయన గొట్టాన్ని వెంట్రుకవాసి తిప్పాడు. “ఇప్పుడు?”

“ఆఁ… గుండ్రంగా ఉంది. చల్లారిన అట్టులా. అడ్డంగా రెండు చారలు.”

“ఇంకా?”

“పైవైపు మాడింది.”

“మాడిందా?”

“మాడినట్టు మచ్చలండీ. నల్లగా. ఒకటి… దాని పక్కన ఇంకోటి.”

సదాశివరావు పిట్టగోడ పట్టుకున్నాడు. శరణ్య అప్పటికే మెట్లమీద నుంచి అరుస్తోంది: “ఆంటీ! అంకుల్! ఆ జాయియే, దిఖ్ రహా హై!”

బ్లాకు బ్లాకంతా ఎక్కింది. జానకమ్మగారు చూసి, వెంటనే చేతులు జోడించారు. “నాయనా, గురుడి బుగ్గన దిష్టి చుక్క పెట్టారమ్మా ఎవరో! ఇంత పెద్ద దేవుడికి పెట్టకపోతే ఎట్లా!” కేశవరావు కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. “నిజంగనే ఉందే,” అని మళ్లీ వరస చివరికి వెళ్లి నిలబడ్డాడు.

ప్రతి ఇద్దరికీ ఒకసారి గురుడు జారిపోయేవాడు. ప్రతిసారీ సదాశివరావు చెయ్యి వేసి, తొందర లేకుండా, ఒకే కొలతగా తిప్పి తెచ్చేవాడు. మధ్యలో కేశవరావు తానూ ఒక చెయ్యి వేయబోతే గురుడు తప్పిపోయి, గొట్టంలో పక్క పేట మునిర్కా వీధి దీపం కనిపించింది. ఆ తర్వాత ఎవరూ ప్రయత్నించలేదు. చివరి మనిషి చూసి లేచేసరికి పాలం వైపు నుంచి మళ్లీ కమ్ముకొచ్చింది. అందరూ మాట్లాడుకుంటూ దిగిపోయారు.

గొట్టానికి ప్లాస్టిక్ చుడుతుంటే శరణ్య అడిగింది. “పాపా, ఆప్‌నే దేఖా? మీరు చూశారా?”

“నాదేముందమ్మా. గురి పెట్టినప్పుడు తెల్లగా ఏదో కనిపించింది. అంతమందికి చూపించాను, చాలదూ?”

ఇది కూడా సరోజ విన్నది.

తర్వాత రెండు వారాలు వాన. ఆగస్టు నడుమ ఒక సాయంత్రం ఆవిడే వంటింట్లోంచి వచ్చి, “పైకి రండి,” అంది. గురుడు పడమటికి వాలిపోయి ఉన్నాడు. ఆయన గొట్టం పట్టుకోబోతే చెయ్యి తీసేయించింది. “మీరు కూర్చుని చూడండి. నేను తిప్పుతాను. ఇన్నేళ్లు రోట్లో పొత్రం తిప్పాను, ఇది ఎంత?” నిజంగానే గురుడు ఒక్కసారి కూడా జారలేదు.

సదాశివరావు చూశాడు. మచ్చలు అప్పటికే గాలులకు సాగి, ఒకదానిలో ఒకటి కలిసి, మరకలా పరుచుకుంటున్నాయి.

“ఏం కనిపిస్తున్నాయి?” అంది సరోజ.

“మబ్బులు.”

“మరి ఏముంటాయనుకున్నారు?” అంది గొట్టాన్ని ఇంకొంచెం తిప్పుతూ.

బాల్కనీ న్యాయంగా ఆయనదైంది. ఆయనే హార్మోనియం ఎవరికో ఇచ్చేసి, కొయ్య కాళ్లు తీసేసి, రెండు కుండీలకు చోటు చేశాడు. మిగిలిన రెండు కుండీలు డ్రమ్ము మీద పెట్టుకున్నారు.

ఆ నెలాఖరున మిత్రమండలి ఆయనకు శాలువా కప్పింది. కేశవరావు ఉపన్యాసం అరగంట సాగింది. ఆ గ్లాసు తిప్పడాన్ని మనమంతా నవ్వులాటగా తీసుకున్నామనీ, ఆ చెయ్యే లేకపోతే గాజు అద్దమయ్యేది కాదనీ, గురుడు కంటికి చిక్కేవాడు కాదనీ, ఇకమీదట ఈ బ్లాకులో పిల్లలకు ఆ తిప్పు నేర్పించాలనీ చెప్పాడు. “ఏదీ అన్నా, అందరి ముంగట ఒక్కసారి చూపెట్టు!”

సరోజ కాఫీ తెచ్చింది. సుభాషిణి కూడా ఆ తిప్పు చూపించడానికి కాలేజీ నుంచి ఇద్దరు విద్యార్థుల్ని తీసుకొచ్చింది. సదాశివరావు ఒక గుక్క తాగాడు. అందరూ ఆ మణికట్టు వైపే చూస్తున్నారు. ఇంకో గుక్క తాగాడు. ఇంకోటి. గ్లాసు ఖాళీచేసి పళ్లెంలో పెట్టాడు. తిప్పలేదు.

“ఏమైందన్నా?” అన్నాడు కేశవరావు. “తిప్పలేదేంది?”

సదాశివరావు తన చెయ్యి తానే చూసుకున్నాడు. ఆయనకూ తెలియలేదు.

సరోజ పళ్లెం అందుకుంది.

“రోజూ హడావిడిలో పంచదార వేసి పైన కాఫీ పోసి ఇచ్చేస్తాను,” అంది. “ఇవాళ చెంచా పెట్టి కలిపాను.”